అభయారణ్యమున వినికిడి

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



ఈ గ్రంథాలయమున రెండు చోటులు కలవు. ఒకటి వెలుపలి అరుగు, రెండవది లోపలి పఠనమందిరము. ఉదయమున అరుగుమీద ఎవరో ఒకరు వార్తాపత్రిక చేతబట్టి గొంతెత్తి చదువుదురు. చదువురాని పెద్దలు, పొలమునకు పోవు త్రోవలో నిలిచినవారు, పదిమంది విందురు. ఆ చదువు ఎవ్వరికిని రొదగా తోచదు. దానిని వినుటకే వారు నిలిచిరి. అదే మనుష్యుడు అదే గొంతుతో అదే పత్రికను పఠనమందిరములో చదువ నారంభించినచో తలయెత్తి చూడనివారుండరు. గోడమీద “నిశ్శబ్దముగా నుండవలెను” అను పలక వ్రేలాడుచునే యున్నది. గొంతు మారలేదు, పత్రిక మారలేదు. చోటు మారినది, వినువారు వచ్చిన పని మారినది. అరుగుమీద ధ్వనిగా నున్నది మందిరములో రొద యయినది.

ఈ చిన్న భేదమే నేటి ప్రసంగమునకు మూలము. అభయారణ్యములను చూడబోవువారు అచ్చట ఏమి విందురు, దేనిని ఇంపుగా భావింతురు, దేనిని రొదగా నెంచుదురు, వారు చేయు చప్పుడు అక్కడి ప్రాణుల చెవిలో నెట్లు పడును అనునది విషయము. గ్రంథాలయ సభలో అడవి మాట యేల యని కొందరికి తోచవచ్చును. చివరకు ఆ రెండును ఒకే పలక క్రిందికి వచ్చునని విన్నవించుటయే ఉద్దేశము.

ధ్వని యెంత పెద్దదో కొలిచినంతమాత్రమున అది రొద యగునో కాదో తేలదు. ఈ సంగతికి బోధన్ ప్రాంతమువారికంటె మంచి సాక్షులు దొరకరు. శక్కరనగరమున 1937లో నిజాము చక్కెర కర్మాగారము వెలసినది. క్రషింగు కాలము వచ్చెనా, రాత్రింబగళ్లు చెరుకు బండ్ల బారులు, ఇరుసుల కిఱ్ఱుమను మ్రోత, ఎడ్ల మెడలలో గంటలు, లోపల రోలర్ల హోరు, ఆవిరి బుస. పట్టణమునుండి వచ్చిన చుట్టమునకు ఆ హోరులో నిద్ర పట్టెడిది కాదు. ఊరివారికి అది చెవికెక్కెడిదే కాదు. ఏలయన ఆ హోరులో కూలి యుండెను, చెరుకు బిల్లు ఉండెను, ఇంటిలో పిల్ల పెండ్లి యుండెను. 2015 డిసెంబరులో కర్మాగారము మూతపడినది. ఆ పిమ్మట ఆ ప్రాంతమును బాధించినది రొద కాదు, నిశ్శబ్దము. కాబట్టి పెద్ద శబ్దమంతయు చెడ్డదియు కాదు, నిశ్శబ్దమంతయు మంచిదియు కాదు. ఏ చోటికి ఏ ధ్వని తగునో, అది వినువాని బ్రదుకుతో ఎట్లు ముడిపడి యున్నదో, దానిని బట్టియే చెవి తీర్పు చెప్పును.

ఇక అడవిని గూర్చి. పూర్వకావ్యములు చదివినవారికి ఈ విచారము క్రొత్తది కాదు. వాల్మీకి రామాయణమున, అయోధ్యాకాండములో, భరతుడు అన్నను వెదకుచు మహాసేనతో బయలుదేరెను. భరద్వాజాశ్రమము కనబడగనే క్రోశము దూరముననే సేనను నిలిపి, ఆయుధములు విడిచి, కాలినడకను లోనికేగెను. సేనను అంత దూరమున నేల నిలిపితివని ముని యడిగెను. ఆశ్రమపు చెట్లకు, నీటికి, నేలకు, పర్ణశాలలకు చెఱుపు కలుగునను భయముచేత నిలిపితినని భరతుడు బదులు చెప్పెను. చతురంగబలము వెంటనున్న రాజకుమారుడైనను వనద్వారమున తాను అతిథి మాత్రమేయని అతడు ఎఱిగియుండెను.

ఆ సేనయే చిత్రకూటము చేరునప్పటికి ధూళియు కలకలమును ఆకసమునంటినవి. ఏనుగుగుంపులును మృగములును బెదరి నలుదిక్కుల పరుగిడినవి. రాముడు ఆ సవ్వడి విని, ఎవడైన రాజు వేటకు వచ్చెనో, క్రూరమృగమేదైన తిరుగుచున్నదో చూడుమని తమ్మునితో ననెను. లక్ష్మణుడు సాలవృక్షమెక్కి చూచెను. సేన కంటబడుటకు ముందే దాని రొద వచ్చినది. రామునికి తెలియుటకు ముందే మృగములకు తెలిసినది.

కాళిదాసు రఘువంశమున దిలీప మహారాజు వసిష్ఠాశ్రమమునకు పోవుచు, ఆశ్రమమునకు బాధ కలుగరాదని కొద్దిపాటి పరివారమునే వెంట గొనిపోయెను. త్రోవలో రథచక్రముల ధ్వని విని, మేఘగర్జనమని భ్రమించి, నెమళ్లు తలలెత్తి కేకలు వేసినవి. రాజును రాణియు ఆ కేకలను షడ్జస్వరముతో సరిపోవునవిగా విని ఆనందించిరి. శాకుంతలమున దుష్యంతుడు తపోవనము దాపునకు రాగానే అందలి వారికి ఇబ్బంది కలుగరాదని రథమును దూరముననే ఆపించి దిగి నడచెను. అది తపోవనమని అతడు గుర్తించిన చిహ్నములలో ఒకటి గమనింపదగినది. అచ్చటి లేళ్లు రథధ్వనిని విని కూడ నడక మార్చుకొనక నమ్మకముతో నిలిచినవి.

అభయమను మాటకు ఇంతకంటె మంచి అర్థము దొరకదు. వేటాడరాదని ప్రభుత్వము ప్రకటించినంతమాత్రమున అరణ్యము అభయారణ్యము కాదు. మానవుని చప్పుడు విని లేడి తన నడక మార్చుకొనకున్ననాడే ఆ పేరు సార్థకమగును. అట్టి నమ్మకము ఒక దినమున వచ్చునది కాదు. పోవుటకు మాత్రము ఒక్క దినము చాలును.

మన దాపున పోచారము అభయారణ్యము కలదు. ఆలేరు వాగునకు 1916 మొదలు 1922 వఱకు ఆనకట్ట కట్టగా ఏర్పడిన చెరువు పేరనే ఆ అడవికి పేరు వచ్చినది. సుమారు 130 చదరపు కిలోమీటర్ల అడవి. కొంత మెదకు జిల్లాలోను, కొంత పూర్వపు నిజామాబాదు జిల్లాలోను ఉండెడిది. 2016 అక్టోబరులో కామారెడ్డి జిల్లా ఏర్పడిన పిమ్మట ఈ వైపు భాగము ఆ జిల్లాకు చెందినది. చుక్కల దుప్పులు, మనుబోతులు, ఎలుగుబంట్లు, చిఱుతపులులు అందున్నవి. చలికాలమున హిమాలయములు దాటి పెద్దబాతులు ఆ నీటికి వచ్చును. ఒకప్పుడిది నిజాము ప్రభువుల వేటభూమి.

వేట యెట్లు జరిగెడిదో పెద్దలు ఎఱుగుదురు. ప్రభువు ఒకచోట తుపాకితో కూర్చుండును. తోలువారు డప్పులు, డబ్బాలు మ్రోగించుచు, కేకలు వేయుచు అడవి నొకవైపునుండి జల్లెడపట్టినట్లు వత్తురు. మృగములు ఆ మ్రోతకు దూరముగా పరుగిడి తుపాకికి ఎదురుపడును. ఆ మ్రోత వాటికి మృత్యువు అడుగుల చప్పుడు. ఇప్పుడు ఆదివారమున కట్టమీద కారు నిలిపి, తలుపులు తెఱచి, స్పీకరు పెట్టెలో పాట పెట్టి పిల్లలు ఆడుదురు. వారి మనస్సులో పాపము లేదు. అయినను వేట డప్పునకును, వనభోజనపు డప్పునకును గల భేదమును అడవిలోని దుప్పికి ఎవరు చెప్పగలరు? అది రెండింటికిని ఒకే సమాధానము చెప్పును, పరుగిడును. సాయంకాలమునకు ఆ సందర్శకులే, “ఇక్కడ చూచుటకు ఒక్క జంతువైనను లేదు” అని విసుగుకొని ఇంటికి మరలుదురు. అలీసాగరు తోటలోనైనను, నిజాంసాగరు కట్టమీదనైనను సెలవుదినములలో ఇట్టి పెట్టెల రొద వినబడుచునే యుండును. తోటలో అది తోటివారికి చిరాకు మాత్రమే. అడవిలో అది అడవినే ఖాళీ చేయును.

పట్టణవాసి పాటపెట్టె నేల తెచ్చునో కూడ ఆలోచింపవలెను. అతనిని నిందించుట సులభము. నిత్యము మోటారుల హోరులో నుండు చెవికి అడవి నిశ్శబ్దము ఖాళీగా, కొంత భయముగా తోచును. ఇంటిలో ఫంకా చప్పుడు ఆగినను ఏదో లోపించినట్లుండును గదా. ఆ ఖాళీని నింపుకొనుటకే అతడు తనకు తెలిసిన ధ్వనిని వెంట తెచ్చుకొనును. వానికి అడవి ధ్వనులు పరిచయము లేని భాషవంటివి. అక్షరములు రానివానికి పుస్తకము తెల్లకాగితముపై నల్లగీతలే గదా!

ఈ సందర్భమున ఒక తాతయు మనుమడును పోచారము పోయివచ్చిన ముచ్చట చెప్పదగియున్నది. ఆ వృద్ధుడు ఒక చెరుకు మిల్లులో, యంత్రముల నడుమ, ముప్పది యేండ్లు పనిచేసినవాడు. యంత్రముల హోరున చెడిన చెవి మొట్టమొదట సన్నని స్వరములను పోగొట్టుకొనును. లోతైన మ్రోత వినబడును, పిట్టకూత వినబడదు. ఆ విధముగా ఆయనకు మంది మాటలు సగము, పక్షుల పలుకులు పూర్తిగా పోయినవి. హైదరాబాదులో చదువుకొను మనుమడు సెలవులకు రాగా, ఫాల్గుణమాసపు ఆదివారము ఒకనాడు ఇద్దరును పోచారము పోయిరి. పిల్లవాడు చెట్టునీడను కూర్చుండి పాటపెట్టె పెట్టెను. ముసలాయనకు దాని దబదబ మాత్రము తెలియుచుండెను.

“ఏమి వినబడుతున్నది బిడ్డా?” అని ఆయన అడిగెను.

“పాట తాతా.”

“పాట కాదు. అడవిలో ఏమి వినబడుతున్నది?”

పిల్లవాడు పెట్టె ఆపెను. కొంతసేపు చెవియొగ్గి, “ఏమీ లేదు తాతా, అంతా ఊరికే ఉన్నది,” అనెను.

“ఉంటది. ఇంకొంచెము కూర్చో. నా చెవులు పోయినవి. నీ చెవులతో విని నాకు చెప్పు.”

పాపము, తాత మాట తీసివేయలేక పిల్లవాడు కూర్చుండెను. కొంతసేపటికి కట్టరాళ్లకు నీరు తగులు చప్పుడు తెలిసినది. తరువాత ఎండిన ఆకులలో ఏదో ప్రాకిన సవ్వడి. తరువాత ఒక పిట్ట నేలమీదనుండి లేచి, తిరిగిన చోటనే తిరుగుచు, అదేపనిగా అరచుచున్నదని అతడు చెప్పెను. అఱపు ఎట్లున్నదో నోటితో అనుకరించి చూపెను. వినబడకపోయినను మనుమని పెదవుల కదలిక చూచి ముసలాయన నవ్వెను. “అది తీతువు. నేలమీదనే గుడ్లు పెడుతది. గుడ్లు దగ్గరనే ఉన్నట్టున్నవి, కాలు చూసి పెట్టు,” అనెను. ఊరిలో అపశకునమని భయపడు ఆ కూత, నిజమునకు తల్లిపక్షి చేయు హెచ్చరిక. పంచతంత్రమున సముద్రునితో తగవుపడిన టిట్టిభము ఇదియే. మఱికొంతసేపటికి అడవి లోపలనుండి తెగగొట్టినట్లు ఒక అఱపు, ఊపిరి విడిచినంతలో ఇంకొకటి వినబడినవి. “దుప్పి అది. చిఱుతనో, ఇంకేదో దాని కంట పడి ఉంటది,” అని తాత చెప్పెను. పొద్దు వాలునప్పటికి పిల్లవాడు ఏడు తీరుల ధ్వనులను లెక్కించెను.

“తాతా, ఇంతసేపు ఇవన్నీ ఎక్కడ ఉన్నవి?”

“ఇక్కడనే ఉన్నవి బిడ్డా. మన పెట్టె కింద పడి ఉన్నవి.”

చెవులు పోయిన ముసలివాడు అడవిని విన్నాడు. చెవులున్న పిల్లవానికి ఆయన వినుట నేర్పవలసివచ్చినది. ఈ ముచ్చటలో ఒక హెచ్చరిక కూడ కలదు. యంత్రపు రొదకు పోయిన వినికిడి తిరిగి రాదు. ఆయనకు మిల్లు తీసికొనిపోయిన దానిని, నేటి యువకులు చెవులలో గొట్టములు పెట్టుకొని తామై పోగొట్టుకొనుచున్నారు.

ఇక కొంత లెక్క. శబ్దమును కొలుచు మానమును డెసిబెలు అందురు. ఇది గజమువలె, తులమువలె కూడికతో పెరుగునది కాదు. మూడు డెసిబెలులు పెరిగినచో ధ్వనిశక్తి రెట్టింపగును. పది పెరిగినచో పదిరెట్లగును. చుట్టును రొద పెరిగినకొలది, మెల్లని చప్పుడును పట్టగల చెవి విస్తీర్ణము తగ్గును. ఆ తగ్గుదలను ఎకరములలో చెప్పినచో సులభముగా తెలియును. ఒక దుప్పి నిశ్శబ్దమున నూరు ఎకరములలో ఎక్కడ ఆకు కదలినను వినగలదని లెక్కకొఱకు తీసికొనవచ్చును. చుట్టుపట్ల రొద మూడు డెసిబెలులు పెరిగినచో దాని వినికిడి భూమి యేబది ఎకరములకు దిగును. పది డెసిబెలులు పెరిగినచో పది ఎకరములే మిగులును. తొంబది ఎకరములు దాని పట్టానుండి పోయినట్లే. ఆ తొంబదిలో చిఱుత పొంచియుండవచ్చును, పిల్ల తల్లిని పిలుచుచుండవచ్చును. గట్టు కదలలేదు, రాయి కదలలేదు. భూమి మాత్రము పోయినది. ఇట్టి కబ్జాపై ఫిర్యాదు చేయుటకు దుప్పికి ఏ కచేరియు లేదు.

అమెరికాదేశమున రక్షిత భూములన్నిటిని గూర్చి ఇట్టి లెక్క వేసి 2017లో ప్రకటించిరి. అందు నూటికి అరువదిమూడు భూములలో మానవుల రొద సహజమైన ధ్వనిశక్తిని రెట్టింపు చేసినది. నూటికి ఇరువదియొక్క భూములలో పదిరెట్లు, అంతకు మించియు చేసినది. కంచె వేసిన భూమిలోనికి మనుష్యుడు రాకపోయినను వాని రొద కంచె దాటి వచ్చుచున్నదని దీని భావము.

రొద మాత్రమే ప్రాణులను తరుమగలదా, లేక బండ్లు, మనుష్యులు, పొగ కలసి తరుముచున్నవా యని సందేహింపవచ్చును. ఆ దేశముననే ఐడహో రాష్ట్రములో 2012 శరత్కాలమున పండితులు దీనిని పరీక్షించిరి. రోడ్డులేని కొండవాలున చెట్లకు స్పీకర్లు కట్టి, బండ్లు పోవు మ్రోతను మాత్రము వినిపించిరి. బండి లేదు, పొగ లేదు, మనిషి లేడు. అయినను వలసపక్షుల సంఖ్య నాలుగవ వంతునకు మించి తగ్గినది. హాలెండు దేశపు లైడెన్ నగరమున రొద యెక్కువగానున్న వీధులలోని చిన్నపిట్టలు తమ పాటనే హెచ్చుస్థాయికి మార్చుకొన్నవని 2003లో తెలిసినది. సంతలో మాటలాడువాడు గొంతు పెంచినట్లే. పిట్టకు పాట వినోదము కాదు. ఇల్లు కాచుకొనుటకు, జత వెదకుకొనుటకు అదియే సాధనము.

సందర్శకుల చెవి యేమి చెప్పుచున్నదో కూడ విచారించిరి. కాలిఫోర్నియాలో సాన్‌ఫ్రాన్సిస్కో నగరము దాపున మ్యూర్ వుడ్స్ అను ప్రాచీన వృక్షవనము కలదు. అచ్చటికి వచ్చినవారిని కొంతసేపు ఊరకుండి విని, విన్న ధ్వనులను ఇంపైనవి, చిరాకు కలిగించునవి యని వేరుచేసి గుర్తింపుమనిరి. నీటి చప్పుడు, గాలి, పక్షులు ఇంపుగా నెన్నబడినవి. చిరాకు కలిగించిన వానిలో గట్టిగా మాటలాడు తోటి సందర్శకులే ముఖ్యులు. అనగా ప్రతివాడును ప్రక్కవాని గొంతును రొద యనుచున్నాడు. తన గొంతు మాత్రము అతని చెవికి మాటగానే వినబడుచున్నది. ఇది మానవస్వభావము. అడవికే కాదు, సంసారమునకును చెల్లును.

చెవి చెడినచో కన్ను కూడ చెడునని మఱియొక పరీక్షలో తేలినది. అందమైన లోయల చిత్రములను చూపుచు హెలికాప్టరు మ్రోతను వెనుక వినిపింపగా, ఆ మ్రోత మెల్లగా నున్నప్పుడు సైతము, చూచువారు ఆ దృశ్యమునకే తక్కువ మార్కులు వేసిరి. కొండ మారలేదు, చూపు మారినది. దీనికి విరుద్ధముగా నీటిధ్వని మనస్సును ప్రసన్నము చేయుననియు, పక్షుల కూతలు చింతను తగ్గించుననియు అనేక పరిశోధనలను కూర్చి 2021లో వెలువరించిరి.

చెవి యెంత పొరబడగలదో, ఆ పొరపాటు ఎంత దూరము పోగలదో దశరథుని కథ చెప్పుచున్నది. సరయూతీరమున చీకటిలో కుండ మునుగు బుడబుడ ధ్వనిని ఆయన ఏనుగు ఘీంకారమనుకొని బాణము వేసెను. విన్నది నిజమే, అర్థము తప్పు. తెలియని చోట విన్నదానికి తొందరపడి అర్థము కల్పింపరాదనుట అందలి నీతి. తీతువు కూతను అపశకునమనుకొని రాయి విసరువాడును ఆ త్రోవనే నడచుచున్నాడు.

ఇంత చెప్పిన పిమ్మట ఒక ఆక్షేపణకు సమాధానము చెప్పవలెను. అడవిలో ఎవ్వరును నోరు మెదపరాదా? అడవిలో బ్రదుకువారి సంగతి యేమి? పశులకాపరి కూత, మేకల మెడగంట, జాతరలో డప్పు, ఇవియు రొదలేనా?

ఇచ్చట అరుగును, మందిరమును తిరిగి జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. పశువు ఎక్కడనున్నదో తెలియుటకు గంట కట్టుదురు. ఎలుగుబంటి యున్న అడవిలో కట్టెల కేగువాడు కఱ్ఱను నేలకు తట్టుచు, దగ్గుచు, మాటలాడుచు నడచును. ఉలికిపడిన ఎలుగు మీదపడును. ముందుగా విన్న ఎలుగు తప్పుకొనును. ఆ చప్పుడు అడవిని భయపెట్టుటకు కాదు, ఒకరి త్రోవ ఒకరు విడుచుటకు. అది గడపలో నిలిచి దగ్గి లోనికి వచ్చు మర్యాదవంటిది. గ్రామస్థుని చెవి కూడ వేఱు. రాత్రి కీచురాళ్ల మ్రోతకు పట్టణపు అతిథి నిద్రపోడు. పల్లెవాడు ఆ మ్రోతను వినడు, అది ఆగినప్పుడే వినును. ఏలయన మనిషి అడుగు దగ్గరపడినచో కీచురాళ్లు మౌనము వహించును. వానికి ఆ మౌనమే కావలికుక్క మొరుగు. ఇట్టివారికి నిశ్శబ్దమును గూర్చి బోధింపబూనుట తగదు. వారివద్ద నేర్చుకొనవలెను. అడవివారి నోరు మూయించి విహారయాత్రికుల పెట్టెను విడిచిపెట్టుట న్యాయము కానేరదు.

చట్టము లేకపోలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము అభయారణ్యములోని మృగములను ఏడిపించుటను, వేధించుటను నిషేధించినది. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమములు ఆసుపత్రులు, పాఠశాలలు, న్యాయస్థానముల చుట్టును నూరు మీటర్ల మేర నిశ్శబ్దమండలములుగా నేర్పఱచి, అందు పగలు 50, రాత్రి 40 డెసిబెలులకు మించరాదని విధించినవి. నల్లమలలోని అమ్రాబాదు పులుల అభయారణ్యముగుండా శ్రీశైలము పోవు రోడ్డును రాత్రి తొమ్మిది గంటలనుండి ఉదయము ఆరు వఱకు బండ్లకు మూసివేయుదురు. ఇవన్నియు మంచివే. కాని నూటముప్పది చదరపు కిలోమీటర్ల అడవిలో ప్రతి పాటపెట్టె వెంట ఒక అటవీ రక్షకుని నిలుపుట ఏ ప్రభుత్వమునకు సాధ్యము?

మ్యూర్ వుడ్స్ వనముననే దీనికి ఒక సులభోపాయము దొరికినది. అచ్చటి అధికారులు దండన విధింపలేదు, కావలివారిని పెంచలేదు. వనములో ఒక భాగమున పలకలు నాటిరి. ఇది నిశ్శబ్దమండలము, ఫోనులు ఆపుడు, గొంతు తగ్గింపుడు, పిల్లలను మెల్లగా నడువుమని చెప్పుడు. ఇంతమాత్రమే. పలకలున్న దినములలోను, లేని దినములలోను శబ్దమును కొలిచిరి. పలకలున్ననాడు సుమారు మూడు డెసిబెలులు తగ్గినది. ఆ ఫలితము 2011లో వెలువడినది. ఎకరముల లెక్కలో చెప్పినచో యేబది ఎకరములు తిరిగి నూరు ఎకరములైనవి. ఖర్చు కొన్ని పలకలు. సందర్శకులు తమ స్వేచ్ఛ పోయినదని కోపగింపలేదు; పెక్కుమంది మెచ్చుకొనిరి. తరువాత 2021లో ప్రకటింపబడిన మఱియొక పరిశోధనలో, పలకలున్ననాడు త్రోవ దాపున పక్షులు హెచ్చుగా కనబడినవనియు, చూడవచ్చినవారి ఆనందమును హెచ్చినదనియు తేలినది.

ఆ పలక ఈ గ్రంథాలయపు గోడమీదిదే. ఇరువదియైదేండ్లుగా అది ఎవ్వరిని కొట్టలేదు, జరిమానా వేయలేదు. పిల్లలు పరుగున వచ్చి, గుమ్మములో దానిని చూచి, అడుగు తగ్గించి లోనికి వచ్చుచున్నారు. అక్షరములు నేర్చినది ఇచ్చటనే. పొరుగువాని చదువునకు భంగము కలుగకుండ కూర్చుండ నేర్చినదియు ఇచ్చటనే. ఆ రెండవ విద్యకు పరీక్ష లేదు, పట్టము లేదు. అయినను అడవికి పోవునప్పుడు వెంట తీసికొనిపోవలసినది ఆ విద్యయే.

కావున ఈ రజతోత్సవ సంవత్సరమున గ్రంథాలయ యువకులకు ఒక పని విన్నవింపబడుచున్నది. వచ్చు చలికాలమున పదిమంది కలసి, అనుమతి పొంది, పోచారము పోవలెను. బండిని దూరముననే నిలిపి కాలినడకను పోవలెను. పాటపెట్టెలు ఇంటనే యుండవలెను, హారను మ్రోగింపరాదు. ఊరిలో అడవి యెఱిగిన పశులకాపరి నొకనిని గురువుగా పిలుచుకొనిపోవలెను. ఒక చెట్టుక్రింద అరగంట నోరు మూసికొని కూర్చుండవలెను. తరువాత ఎవరేమి వినిరో కాగితముపై వ్రాసి, ఆ గురువునకు చదివి వినిపించి, పేర్లు అడిగి తెలిసికొనవలెను. ఏటేట అట్లు వ్రాసిన కాగితములను గ్రంథాలయములో భద్రపఱచినచో, ఈ ప్రాంతపు అడవిలో ఏ ధ్వని మిగిలినది, ఏ ధ్వని పోయినది అను పహాణీ తయారగును. భూమికి పహాణీ యున్నది, చెరువునకు లెక్క యున్నది. పిట్టకూతకు ఇంతవఱకు ఎవ్వరును లెక్క వ్రాయలేదు. వ్రాయనిది పోయినను పోయినట్లు తెలియదు.

స్వర్ణోత్సవమునాటికి ఆ పుస్తకము ఈ బీరువాలో నుండుగాక. దానిని చదువు పిల్లలు, అందు వ్రాసిన ప్రతి కూతయు పోచారపు కట్టమీద ఇంకను వినబడుచున్నదని చెప్పగలుగుదురుగాక.

స్వస్తి.